అంగారకుడి పక్కన నేను చెరిపిన గీత

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. లెక్కల మాస్టారికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. నేను బడికి వెళ్ళకూడదు, ఆయన నన్ను కొట్టకూడదు. ఇద్దరం మాట నిలబెట్టుకున్నాం. అలాంటివాణ్ణి ఒకసారి విశ్వవిద్యాలయానికి వెళ్ళి, ప్రొఫెసర్ల ముందు కూర్చుని, అంగారక గ్రహం గురించి సాక్ష్యం చెప్పి వచ్చాను. నమ్మకపోతే మీ ఇష్టం. మా ఇంట్లోవాళ్ళే సగం నమ్మారు.

నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక సందులో ఉండేది మా ఫోటో ల్యాబ్. అందులో ముప్పై ఏళ్ళకు పైగా టచప్ పని చేశాను. మీరు ఫోన్లో ఒక్క వేలితో మొటిమలు మాయం చేసుకుంటారే, ఆ పనికి అప్పట్లో ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను. మొదట్లో నాలుగు వెంట్రుకల బ్రష్షు, సీసాలో ఇంకు. బ్రష్షు మొన సన్నగా రావాలంటే నోట్లో పెట్టి తడుపుకోవాలి. అలా ఎంత ఇంకు మింగానో నా కడుపుకే తెలుసు. తర్వాత కంప్యూటర్ వచ్చింది, ఇంకు తాగడం తప్పింది, నడుంనొప్పి వచ్చింది. పని మాత్రం అదే. ఫోటో మీద దుమ్ము, గీత, మరక ఏది కనబడినా తీసెయ్యాలి. తీసినట్టు తెలియకూడదు. "ఫోటో బాగా వచ్చింది" అని గిరాకీ మురిసిపోవాలి గాని, "టచప్ బాగుంది" అన్నాడంటే మా పని చెడిందనే లెక్క.

2009 తర్వాత మా గిరాకీల్లో సగం మంది అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలే. ఊళ్ళ నుంచి వచ్చి సర్కారీ కొలువుల పరీక్షలకు చదువుకునేవాళ్ళు. పాస్‌పోర్ట్ సైజు ఫోటో కావాలి, కోటు కావాలి. కోటు వాళ్ళ దగ్గర ఉండదు, నా కంప్యూటర్‌లో ఉంటుంది. ఒకే నల్లకోటును చిక్కడపల్లి నుంచి రాంనగర్ దాకా ఎందరికి తొడిగానో! ఒకసారి ఒక అబ్బాయి బుగ్గమీద మచ్చ కనబడితే శుభ్రంగా తీసేశాను. వాడి పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నం కుడిబుగ్గ మీది పుట్టుమచ్చ. పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఆపేశారట. వచ్చి మా కౌంటర్ ముందు కూర్చుని ఏడ్చాడు. అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. దిద్దిన ఫోటో ఒక చోట, దిద్దకముందు ఫోటో ఒక చోట, రెండూ దాచేవాణ్ణి. అడగకుండా దిద్దే అలవాటు మాత్రం పోలేదు. చేతికి పట్టిన రోగం అంత తొందరగా వదలదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. వారంలో ఒకరోజు బంద్, ఇంకోరోజు రాస్తారోకో. అలాంటి ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. తెరిచాను. అంతా నలుపు. మధ్యలో ఇంకా నల్లటి గుండ్రం.

"ఫ్లాష్ పడలేదమ్మా దీనికి," అన్నాను.

"అది గట్లనే ఉంటదన్నా. నల్లగనే రావాలె. కాని నలుపుల ఉన్న తేడా పోవద్దు. థీసిస్‌ల పెట్టాలె. జిరాక్సు సెంటర్ల ప్రింట్ తీస్తే మొత్తం తారు పోసినట్టు వస్తున్నది."

"ఏ ఫంక్షన్ ఫోటో?"

"అంగారకుడన్నా."

"ఆయనది ఏ ఊరు?"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. కరీంనగర్ దిక్కు పల్లెటూరట. విశ్వవిద్యాలయంలో పరిశోధన. ఉండేది అశోక్‌నగర్ లేడీస్ హాస్టల్.

"మా రూముల ముగ్గురు గ్రూప్స్ చదువుతరు. లేస్తే రాజ్యాంగం, పండుకుంటే రాజ్యాంగం. నేనొక్కదాన్నే దుమ్ము."

"దుమ్మేంది?"

"అంగారకుడికి రెండు చిన్న చందమామలున్నయన్నా. వాటికి చిన్నచిన్న రాళ్ళు తాకుతనే ఉంటయి. తాకినప్పుడల్ల దుమ్ము లేస్తది. ఆ దుమ్మంత గ్రహం చుట్టు ఒక వలయం లెక్క ఉండాలె. సన్నటిది. పక్క నుంచి చూస్తే గీత లెక్క కనవడాలె. పెద్ద దుర్బిన్ తీసిన పాత ఫోటోలు తీసుకొని గదే ఎతుకుతున్న, ఐదేండ్ల సంది."

"దొరికిందా?"

"లే."

"వేరేవాళ్ళకు?"

"ఎవ్వలికి దొరకలే."

"కనబడనిదానికి డిగ్రీ ఇస్తరా తల్లీ? ఇది తెలిస్తే నేను బడి మానకపోదును."

"ఇస్తరన్నా. ఇంత మసకగున్నా నాకు కనవడతది, అయినా కనవడలే అని కొలత పెట్టి చెప్తే ఇస్తరు. మా రూములోళ్ళు గూడ నీ లెక్కనే నవ్వుతరు. అంగారకుడి దుమ్ము తర్వాత ఎతుకుదువు, ముందుగాల నీ మంచం కింద ఊడ్వమంటరు."

మా ఓనరు గల్లా దగ్గర నుంచి అరిచాడు. "దుమ్ము కావాలంటె మన ల్యాబ్ల జమచేసి పంపియ్యి బై, పార్సల్ గట్టి!"

రెండు వారాలు ఆ నల్లఫోటోల మీద కుస్తీ పట్టాం. గ్రహం మీద వెలుగు మరీ ఎక్కువ కాబట్టి దాన్ని నల్ల గుండ్రంతో కప్పేసిందట. ఎదురుగా స్కూటర్ లైటు కొడుతుంటే నడిపేవాడి ముఖం కనబడదు కదా, అలాగన్నమాట. నేను ఒక్కొక్క ప్రింట్ తీసి ఇస్తే కిటికీ దగ్గర పట్టుకుని చూసి, "ఇంకజర పైకి తేవాలెనన్నా," అనేది. నాకు పట్టుదల పెరిగింది. పెళ్ళి ఆల్బమ్‌లు పక్కన పెట్టి మరీ నలుపులో నలుపు పట్టుకున్నాను. చివరికి ఒకరోజు ప్రింట్ చూసి, "నీ కన్ను మంచిదన్నా," అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా కన్ను గురించి మంచిమాట అదే మొదటిసారి.

థీసిస్ ఇవ్వాల్సిన గడువు ఆ వారంతో ముగుస్తుందనగా, మర్నాటి నుంచి వరసగా బంద్ అని ప్రకటించారు. అంటే ఆఫీసు తెరిచి ఉండేది ఆ ఒక్కరోజు, సాయంత్రం నాలుగు దాకా. పొద్దున్నే పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, నిన్న మా సారు ఇంకొక్క ఫోటో ఎక్కువ పెట్టమన్నడు. పాతది, కొత్తది పక్కపక్కన వస్తయి. ఐదు సెట్లు తియ్యి. చిక్కడపల్లిల బైండింగాయన ఆగమాగం చేస్తున్నడు, చాప్టర్లు నేను చూసుకోకుంటె తలకిందులు కుడతడు."

"పో తల్లీ. నేనున్న గద."

నేను లేకపోయినా బాగుండేది. పాత ఫోటో నాకు తెలిసిందే. కొత్తది తెరిచాను. అచ్చం పాతదానిలాగే ఉంది, ఒక్క తేడా. నల్ల గుండ్రానికి అటూ ఇటూ వెంట్రుకంత సన్నటి గీత. నా చెయ్యి దురద పెట్టింది. పాపం, తొందరలో కాపీ చేసుకుంటుంటే గీత పడ్డట్టుందనుకున్నాను. కంప్యూటర్ ఫైలు మీద గీత ఎలా పడుతుందని, ఆమె ఐదేళ్ళుగా వెతికేదే గీత కదా అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. ముప్పై ఏళ్ళు నెగటివ్‌ల మీద గీతలు చెరిపిన చెయ్యి ఆలోచన కోసం ఆగదు. గీత పైనుంచి కొంచెం నలుపు, కిందనుంచి కొంచెం నలుపు తీసుకుని, అద్దుకుంటూ పోయాను. ఇరవై నిమిషాలు పట్టింది. పెళ్ళికూతురి ముఖానికి కూడా అంత ఓపికగా ఎప్పుడూ చెయ్యలేదు. ఐదు సెట్లు తీసి కవర్లో పెట్టాను. ఆమె వచ్చింది, కవరు అందుకుంది, ఆటో ఎక్కింది. తెరిచి చూడలేదు. నేను తీశాను కదా, చూడాల్సిన పనేముంది?

నాలుగు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి పరుగెత్తలేదు. నెమ్మదిగా మెట్లెక్కి, కౌంటర్ మీద ఒక బైండు పుస్తకం పెట్టి, పేజీ తీసి చూపించింది. పక్కపక్కన నా రెండు ఫోటోలు.

"అన్నా, ఈ రెండోదాంట్ల గీత ఏది?"

"ఏం గీత?"

"నేనే పెట్టిన గీత. దొంగ గీతన్నా. నాకు తెలిసిన మసకతోని ఒక ఉత్త వలయాన్ని ఫోటోల కలిపిన. ఇంత సన్నగుంటే గూడ నా పద్ధతికి దొరుకుతది అని చూపియ్యనీకి. అసలు ఫోటోల ఏం కనవడలే, దొంగ గీత పెట్టినదాంట్ల కనవడ్డది. రెండు పక్కపక్కన పెడితేనే నేను లేదన్న మాటకు ఇలువ. బయటి ఎగ్జామినర్ రాసిండు. పెట్టిన గీతనే కనబడటం లేదు, ఇగ లేదన్న మాట ఎట్ల నమ్మాలె అని."

"ఇప్పుడేమైతది?"

"పది దినాలల్ల వైవా ఉన్నది. ఆయన ఒప్పుకోకుంటె పని మళ్ళ చేసి, మళ్ళ రాసి ఇయ్యాలె. తక్కువల తక్కువ ఏడాది. బెంగళూరుల ఒకదగ్గర చోటిస్తమన్నరు, డిగ్రీ ఉంటెనే. ఏడాది దాక ఎవలాగుతరు?" పుస్తకం మూసింది. "కంప్యూటర్ల మంచిగనే కనవడుతున్నది. ప్రింట్ల లేదు. మీ మిషన్ల పోయిందా అన్నా?"

ఆమే నాకు దారి చూపించింది. నేను ఏమనేలోపు మా ఓనరు అందుకున్నాడు. "మిషన్ పాతదైందమ్మా, సన్నటివి పట్టుకుంటలేదు. మళ్ళ తీసిస్తం."

ఆమె నా వైపు చూసింది. "అయ్యుండొచ్చు," అన్నాను.

గీత చెరపడం తప్పు కాదనను. అది తెలియక చేసింది. ఈ రెండో తప్పు తెలిసి చేశాను.

ఆమె మెట్లు దిగగానే ఓనరు దగ్గరికొచ్చాడు. "నువ్వే కదా?"

"నేనే."

"మూసుకొని కూసో. మిషన్‌కు ఇజ్జత్ లేదు, ల్యాబ్‌కున్నది. పెండ్లిళ్ళ సీజనొస్తున్నది. ఫోటోలల్ల ఉన్నది చెరిపేస్తరంట అని పేరొస్తె ఎవడొస్తడు?"

"మన పనే అది కదన్నా."

"పరాచికాలు చాల్, పని చూస్కో."

రెండు రోజులు పని చూసుకున్నాను. ఒక పెద్దాయన ఫోటో వచ్చింది, నుదుటి మీద గీతలు. చెరపనా వద్దా అని అరగంట మౌస్ పట్టుకుని కూర్చున్నాను. చివరికి ఆయనకే ఫోన్ చేసి అడిగాను. "ఏం బాబూ, తబియత్ బాగలేదా?" అన్నాడాయన. ఇంట్లో జోకులు వెయ్యడం లేదని మా ఆవిడ జ్వరం చూసింది. మూడో రోజు పొద్దున రాంనగర్ నుంచి ల్యాబ్‌కు వెళ్ళాల్సినవాణ్ణి అశోక్‌నగర్ వైపు తిరిగాను.

లేడీస్ హాస్టల్ గేటు దగ్గర నిలబడడమంటే మామూలు విషయం కాదు. వార్డెనక్క నా నెరిసిన జుట్టు చూసి కూడా జాలిపడలేదు. "ఎవలు కావాలె? ఏమైతవ్?" అని నిలదీసింది. "దుమ్ము అమ్మాయికి ఫోటోలాయనను," అన్నాను. పైకి కేకేసింది. ఆమె కిందికొచ్చింది. గేటు ఇవతల నేను, అవతల తను.

"మిషన్ కాదమ్మా. నేనే చెరిపిన."

గేటు గడియ మీద వేసిన చెయ్యి తీసేసింది. తర్వాత, "నిన్ను ఎవలు చెయ్యమన్నరు?"

"ఎవ్వలు చెయ్యమనలే. మంచిగుంటదని."

"మంచిగుంటదని," అంది. నా మాటే నాకు తిరిగి వినిపించింది, చాలా చెడ్డగా. "మొన్న నేనొచ్చి అడిగినప్పుడు మిషన్ అన్నవ్."

"అన్న."

"రెండు దినాలసంది నా ఫోటోలన్ని తప్పేనేమో అని కూసున్ననన్నా. ఐదేండ్ల పని మొదటికెల్లి చూస్తున్న. అన్నం తినబుద్ధయితలే. చెరిపినందుకు కాదు నాకు. నువ్వు ఆ దినం నా మొకం చూసుకుంట అట్లన్నందుకు."

జోకు వేసి బయటపడడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రోజు ఆ విద్య వాడలేదు. గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆమే అడిగింది.

"చెరపకముందుది ఉన్నదా? నీ దగ్గర?"

"ఉన్నది. ఏ రోజు ఏది తెరిచింది, ఏది దిద్దింది, రెండూ ఉన్నయి. పడెయ్యను."

వాళ్ళ సారు దగ్గరికి వెళ్ళింది. కొత్త ప్రింట్ పట్టుకెళితే లాభం లేదన్నాడట ఆయన. అభ్యంతరం వచ్చాక గీత గీసుకొచ్చారంటారు. ఆ ఫోటోలాయనను, ఆ కంప్యూటర్‌ను వైవాకు తీసుకురమ్మన్నాడు.

ఓనరుకు చెప్పాను. నా వంక చూశాడు, గోడ మీది దేవుడి పటం వంక చూశాడు. "నీ కంప్యూటర్ నువ్వొక్కనివి మొయ్యలేవు," అన్నాడు. ఆ రోజు ఆటోలో నా ఒళ్ళో సీపీయూ, ఆయన ఒళ్ళో మానిటర్. దారి పొడుగునా గొణిగాడు. "నా ల్యాబ్ ఇజ్జత్ ఆటోల వోతున్నది. జర నెమ్మదిగ పోనియ్యి బై, గుంతలున్నయి."

వైవా గదిలో బల్లకు అవతల ఇద్దరు. ఒకరు ఆమె చెప్పే సారు, అంటే గైడు. ఇంకొకరు ఆ ఎగ్జామినరు. ఎక్కడో ఉత్తరాదిన పనిచేస్తాడట గాని మాట గుంటూరు వైపుది. వెనక కుర్చీల్లో చదువుకునే పిల్లలు. మా ఓనరు ఆఖరి వరసలో, మానిటర్ తీగల చుట్ట చేతిలో పట్టుకుని. ఆమె తన ప్రశ్నలన్నిటికీ నిలబడి జవాబులు చెప్పింది. ఇంగ్లీషు కాబట్టి నాకు అర్థం కాలేదు. ఎక్కడా తడుముకోలేదని మాత్రం అర్థమైంది. అప్పుడు నన్ను పిలిచారు.

"మీరేనా దీన్ని చెరిపింది?" అన్నాడు ఎగ్జామినరు.

"నేనే సార్."

"ఎలా చెరిపారో చూపించండి."

దిద్దకముందు ఫోటో తెరిచి, ఇద్దరూ చూస్తుండగా చెరిపాను. పని బాగానే వచ్చింది. ఆయన ముందుకు వంగి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఫైళ్ళ తేదీలు చూశాడు.

"ఇందులో గీత ఉంటుందని మీకు ముందే ఎవరైనా చెప్పారా?"

"లేదు సార్. చెప్తే చెరపకపోదును."

"మరి ఎలా కనిపించింది?"

"తెరవంగనే కనవడ్డది సార్. కనవడ్డదనే కదా ఈ లొల్లంత."

ఆయన కలం కింద పెట్టాడు. గైడు వంక తిరిగి ఏదో అన్నాడు, గైడు తలూపాడు. ఆ మాట తర్వాత ఆమె నాకు చెప్పింది. 'గీత ఉందని తెలియని మనిషి కంటికి కూడా గీత దొరికింది. అంకెలు ఎలాగూ పట్టికలో ఉన్నాయి. నా అనుమానం ఈ బొమ్మ గురించే.'

"మొదటి ఫోటో కూడా మీరే ప్రింట్ చేశారు కదా?" అన్నాడు మళ్ళీ నాతో. "అందులో ఏమైనా కనిపించిందా?"

"ఏం లేదు సార్. ఉంటె దాన్ని గూడ చెరిపేటోణ్ణి."

గది మొత్తం నవ్వింది. మా ఓనరు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎగ్జామినరు మాత్రం నవ్వలేదు. "మీరు అప్పుడు ప్రింట్ కోసం చూశారు," అన్నాడు. "ఇప్పుడు గీత కోసం చూడండి. తొందర లేదు."

మొదటి ఫోటో తెరిచాను. నల్ల గుండ్రం, చుట్టూ నలుపు. దగ్గరికి తెచ్చాను, దూరం జరిపాను. ఎడమ పక్క, కుడి పక్క. ముప్పై ఏళ్ళు ఏది కనబడితే దాన్ని తీసేద్దామని చూసినవాణ్ణి, కనబడితే బాగుండునని చూడడం అదే మొదటిసారి. ఆమె అయిదేళ్ళుగా ఇలాగే చూసిందన్నమాట. ఎడమవైపు ఒకచోట ఏదో ఉన్నట్టే అనిపించింది. రెప్పవేసి చూస్తే పోయింది. ఇంకోచోట అనిపించింది, అదీ పోయింది. ఎంతసేపు చూశానో తెలియదు.

"లేదు సార్," అన్నాను.

సంతకాలు అయ్యాయి. చప్పట్లు కొట్టారు. ఎవరో సమోసాలు పంచారు, మా ఓనరు రెండు తీసుకున్నాడు. సీపీయూ పట్టుకుని వరండాలోకి వస్తుంటే ఆమె వెనకాలే వచ్చింది. ఇప్పుడు డాక్టరమ్మ.

"అన్నా, నువ్వు అంతసేపు చూస్తుంటె నాకు పానం పోయినంత పనయింది."

"ఎందుకు? ఉన్నదే గద చెప్పేది, లేకుంటె లేదని."

"ఉన్నదంటవేమో అని భయపడ్డ."

"నేనెందుకంట?"

"నాకు మంచిగుంటదని."

నవ్వుతూనే అంది. నేను సీపీయూ ఇంకో చేతికి మార్చుకుని, ఆటో కోసం చూస్తున్నట్టు రోడ్డు వైపు తిరిగాను. ఎందుకంటే ఆ నలుపులోకి చూస్తున్నంతసేపూ, ఎడమవైపు ఏదో ఉన్నట్టు అనిపించినప్పుడు, 'ఉన్నది' అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.